నేల మీంచి వచ్చే మాటలు

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకే పరిమితం. ఆఫీసులో అందరికీ ఆవిడ పోర్టక్క. టీవీల వెనకా, సౌండు పెట్టెల వెనకా వైర్లు గుచ్చే కన్నాలుంటాయి కదా, వాటిని పోర్టులంటారు. "ఏ పోర్టులో పెట్టారండీ?" అని రోజుకి అరవైసార్లు అడిగీ అడిగీ ఆ పేరు సంపాదించుకుంది. అనేవాళ్ళు ప్రేమగానే అనేవాళ్ళు కాబట్టి ఆవిడ కూడా పలికేది.

హోమ్ థియేటర్లు తయారుచేసే ఒక కంపెనీకి ఫోనులో సలహాలు చెప్పే ఉద్యోగం ఆవిడది. మూడో అంతస్తులో కిటికీల్లేని పెద్ద హాలు, వరసలు వరసలుగా బల్లలు, బల్లకొక కంప్యూటరు, తలకొక హెడ్‌సెట్టు. పొద్దున్న తొమ్మిదికి అది నెత్తిన పెట్టుకుంటే సాయంత్రం అయిదున్నరకి తీసేది. తీసినా జుట్టులో దాని గాడి అలాగే ఉండిపోయేది. టీవీలో బొమ్మ వస్తుంది, పెట్టెలో సౌండు రాదు. సౌండు వస్తుంది, బొమ్మ కంటే అర క్షణం వెనక వస్తుంది. నిన్నటిదాకా బాగానే ఉంది, ఇల్లు ఊడ్చాక పోయింది. మనుషులు వేలమంది గానీ వాళ్ళ కష్టాలు మాత్రం తిప్పి తిప్పి పదో పన్నెండో. ఆవిడకి అవన్నీ నిద్రలో లేపి అడిగినా వచ్చు.

అంతకు ముందు ఆవిడ బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నో నంబరు దగ్గర ఆగిందో చెప్పేది. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. ఒకరోజు రికార్డు చేసిన గొంతు ఒకటి తెచ్చి పెట్టారు. దానికి జలుబు చెయ్యదు, సెలవు అడగదు. అప్పుడు ఇక్కడ చేరింది, పదకొండేళ్ళయింది. గొంతు తప్ప అమ్ముకోవడానికి మరొకటి నేర్చుకోలేదని తన మీద తనే నవ్వుకునేది. ఇన్ని హోమ్ థియేటర్లు బాగుచేయించిన మనిషి ఇంట్లో మాత్రం ఒక్కటీ లేదు. పాత టీవీ ఉంది, దాని సౌండు దాని పొట్టలోంచే వస్తుంది.

ఇంట్లో ఆవిడ మాట్లాడేది తక్కువ. సాయంత్రం ఇల్లు చేరాక నోరు తెరవబుద్ధి అయ్యేది కాదు. కూతురు ఏదైనా అడిగితే తల ఊపేది, కూర ఉందా అంటే గిన్నె వైపు వేలు చూపించేది. అత్తగారు మొదట్లో కోడలికి పొగరనుకుంది. తర్వాత అలవాటుపడింది. భర్త స్కూలు బస్సు నడుపుతాడు. రోజంతా పిల్లల గోల విని వచ్చే మనిషి కాబట్టి ఇంట్లో నిశ్శబ్దం అతనికీ పడింది. "మా ఆవిడ స్టాకంతా ఆఫీసులోనే అమ్ముడైపోతుంది" అనేవాడు ఎవరైనా అడిగితే.

ఆ ఏడాది గొంతు మొరాయించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మూడు దాటితే మాట బొంగురుపోయేది. వేడినీళ్ళు తాగినా, మందు బిళ్ళలు చప్పరించినా అరగంటే. డాక్టరు గొంతులోకి దీపం పెట్టి చూసి, స్వరపేటిక మీద కాయలు కాశాయంది. "చేతులకి కాస్తాయి చూడండి, అలాగే. మాటలు తగ్గించండి."

"నా ఉద్యోగమే మాటలండీ."

"అయితే ఉద్యోగం మార్చుకోండి" అంది డాక్టరు, కాగితం మీద రాస్తూ, తల ఎత్తకుండా.

మార్చుకోవడానికి ఒకే దారి ఉంది. కింది అంతస్తులో రాత బల్లలుండేవి. మెయిళ్ళకీ మెసేజీలకీ అక్కడ కూర్చుని జవాబు టైపు చేస్తారు, పెదవి కదపక్కర్లేదు. దానికి అర్జీ పెట్టుకుంది. రూలేమిటంటే, అర్జీ పెట్టాక మూడు నెలల పాటు లెక్క తప్పకూడదు. లెక్కంటే, ఒక్కో ఫోను కాలు సగటున తొమ్మిది నిమిషాల్లో ముగియాలి, ఏ ఒక్కటీ అరగంట దాటకూడదు. దాటితే మూడు నెలలూ మళ్ళీ మొదటికి. ఎనభై ఒక్క రోజులు ఆవిడ పరీక్ష రాసే పిల్లలా గడియారం చూసుకుంటూ గడిపింది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

అలాంటి రోజుల్లో, ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు, ఆ కాలు వచ్చింది.

కంప్యూటరు మీద అప్పటికే ఆ కస్టమరు చరిత్రంతా ఉంది. వారంలో ఇది ఆరో ఫోను. అంతకు ముందు మాట్లాడినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రాసి పెట్టారు: సహకరించడు. అడిగిందానికి జవాబు చెప్పడు. మధ్యలో పెట్టేస్తాడు. పోర్టక్క అది చదువుతూనే మామూలు పాఠం అందుకుంది.

"నమస్కారం సార్, మీకు ఏ విధంగా సాయపడగలను?"

"సాయం సంగతి తర్వాత. ముందొకటి చెప్పు." పెద్దవయసు గొంతు, కానీ ఒణుకు లేదు. ఒక్కో మాటా విడివిడిగా, ఉతికి ఆరేసినట్టుంది. "నువ్వు కాగితం చూసి చదువుతావా, మనిషిలా మాట్లాడతావా?"

"కాగితం చూసే చదవమన్నారు సార్. మధ్యలో అవసరం పడితే మనిషిలా మాట్లాడతాను."

అవతల ముక్కుతో నవ్వినట్టు వినిపించింది. "సరే, కానివ్వు."

సమస్యేమిటంటే, సినిమా పెడితే మాటలు సరిగ్గా రావడం లేదు. ఇలాంటిదానికి కాగితంలో మొదటి మెట్టు మెనూ. టీవీలో సౌండు మెనూ తెరిపించి, అందులో ఏముందో వాళ్ళ చేత చదివించాలి.

"రిమోట్ మీద మెనూ నొక్కండి సార్. స్క్రీను మీద ఎడమ పక్కన ఏం కనిపిస్తోంది?"

"ఉండాల్సిందేదో ఉంది."

"అంటే ఏముంది సార్?"

"మెనూ."

"అందులో మూడో వరసలో ఏం రాసుందో కాస్త చదువుతారా?"

అవతల దూరంగా ఎక్కడో గోడ గడియారం టక్కుటక్కుమంటోంది. పోర్టక్క ఆగింది. పదకొండేళ్ళుగా మనుషులు స్క్రీను చదువుతుంటే వింటున్న చెవి అది. చదివేవాళ్ళు ఊరికే ఉండరు. 'ఊఁ' అంటారు, 'ఇదేమిటి' అని గొణుక్కుంటారు, అక్షరాలు కూడబలుక్కుంటారు. ఈయన నుంచి అవేవీ లేవు. ఆవిడ గొంతు కాస్త తగ్గించింది.

"సార్, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. అక్కడ కళ్ళజోడు దగ్గర లేదా, లేకపోతే... మీకు కనిపించదా?"

గడియారం ఓ పదిసార్లు కొట్టుకుంది.

"ఏడో ఏటి నుంచీ" అన్నాడాయన. "గుడ్డిలో మెల్ల అంటారే, నాది ఆ మెల్ల కూడా కాదు. పూర్తి చీకటి."

"మరి ముందే చెప్పుండొచ్చు కదా సార్?"

"చెప్పానమ్మా, మొదటిసారే చెప్పాను. 'అయ్యో, సారీ సార్, ఇంట్లో చూపున్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి ఫోనివ్వండి' అంది ఆ పిల్ల. కొన్నది నేను, వినేది నేను. ఫోను మాత్రం ఇంకొకరికివ్వాలట. ఇంట్లో మా చెల్లెలుంది. చూపు బ్రహ్మాండం, కానీ దానికి వైరంటే పాముని చూసినంత భయం. అందుకని ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. మెనూ అన్నప్పుడల్లా పెట్టేస్తున్నాను."

పోర్టక్క కంప్యూటరు మూలలో గడియారం చూసింది. ఆరు నిమిషాలైంది. ఇంటికి మనిషిని పంపుతామని రాసేసి కాలు ముగించేయొచ్చు. అలా రాస్తే మనిషి వెళ్ళేసరికి రెండు వారాలు పడుతుందని తెలుసు. తొమ్మిది రోజులన్న మాట బుర్రలో మెదిలింది. ఒక గుక్క వేడినీళ్ళు తాగింది.

"మెనూ సంగతి వదిలేయండి సార్. అసలు ఏం వినిపిస్తోందో చెప్పండి. మొదటి నుంచీ చెప్పండి."

"ఏం వినిపిస్తోందనా?" ఆయన ఆశ్చర్యపోయాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ముప్పై రెండేళ్ళు పెద్దాసుపత్రిలో టెలిఫోను బోర్డు ముందు కూర్చున్న మనిషిననీ, ఏ తీగ ఏ వార్డుదో చేత్తో తడిమి గుచ్చేవాణ్ణనీ, కాబట్టి తన చెవిని నమ్మొచ్చుననీ ముందే హామీ ఇచ్చాడు. "వెనక రెండు పెట్టెలూ బాగున్నాయి. సినిమాలో వాన పడితే నా వీపు మీదే పడింది. ముందు కుడీ ఎడమా కూడా బాగున్నాయి. కారు ఇటు నుంచి అటు పోయింది. మాటలే... నేల మీంచి వస్తున్నాయమ్మా. కుడి మూల నుంచి, నా మోకాలి కిందగా. పీపాలో తల పెట్టి, నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టు. టీవీ కింద చిన్న పెట్టొకటి పెట్టి వెళ్ళాడు చూడు, అదేమో తలుపు ధడేలుమన్నప్పుడల్లా సీసాలో పడ్డ ఈగలా గీపెడుతోంది. మనుషుల మాటొక్కటీ అందులోంచి రాదు."

ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి పోర్టక్కకి రోగం తెలిసిపోయింది. ఆ సెట్టుకి ఆరు సౌండు పెట్టెలుంటాయి, వాటి వైర్లన్నీ అసలు పెట్టె వెనక గుచ్చాలి. టీవీ కింద ఉండే మధ్య పెట్టె పని మనుషుల మాటలు పలకడం. నేల మీద ఉండే బరువు పెట్టె పని ఉరుములూ దరువులూ. బిగించడానికి వచ్చినవాడు హడావిడిలో ఆ రెండింటి వైర్లూ ఒకదాని కన్నంలో ఇంకొకటి దూర్చి వెళ్ళాడు. చూపున్న కస్టమరైతే 'సౌండు బాగా లేదండీ' అని ఊరుకునేవాడు, ఆవిడ అరగంట మెనూలన్నీ తిప్పించేది. ఈయన మాత్రం ఎక్స్‌రే తీసి చేతిలో పెట్టాడు.

"రెండు వైర్లు తారుమారయ్యాయి సార్. మారిస్తే చాలు."

"ఏ రెండు?"

ఇక్కడ బండి ఆగిపోయింది. ఆవిడ ముందున్న పుస్తకంలో రాసింది ఒకటే. ఆకుపచ్చ వైరు ఆకుపచ్చ పోర్టులో, ఊదా వైరు ఊదా పోర్టులో. ఎన్ని పేజీలు తిప్పినా రంగులే.

హాలు చివర అలమరలో అన్ని మోడళ్ళ సెట్లూ ఒక్కొక్కటి ఉండేవి, కొత్తగా చేరినవాళ్ళకి చూపించడానికి. ఆవిడ హెడ్‌సెట్టు వైరు అంత దూరం సాగదు. టీమ్ లీడరు బల్ల మీద వైరు లేని హెడ్‌సెట్టుంది. అతను మీటింగులో ఉన్నాడు. పక్క సీటమ్మాయి కళ్ళింతవి చేసుకుని చూస్తుండగానే పోర్టక్క లేచి వెళ్ళి అది తీసుకుంది, కాలు దానికి మార్చుకుంది, అలమర దగ్గరికి నడిచింది.

"సార్, ముందు కరెంటు ప్లగ్గు పీకేయండి."

"పీకాను. టిక్కుమంది."

ఆవిడ పాత స్టూలొకటి లాక్కుని, సెట్టు మీదుగా వంగి, వెనక్కి చెయ్యి చాపింది. మెడ సారించి చూస్తే ఆరు కన్నాలూ ఒకే వరసలో కనిపించాయి. "మీ కుడిచేతి వైపు నుంచి లెక్కపెట్టండి సార్. రెండోది, మూడోది. ఆ రెంటినీ పీకి, దీని చోట అదీ, దాని చోట ఇదీ పెట్టండి. టక్కుమని పట్టాలి."

టక్కు, టక్కుమని రెండుసార్లు వినిపించింది. ఆయన ప్లగ్గు పెట్టాడు, సినిమా పెట్టాడు.

"అమ్మాయ్, మాటలింకా నేల మీదే పడున్నాయి. పైగా ముందు నుంచి పోవాల్సిన కారు ఇప్పుడు నా వీపెక్కింది."

పోర్టక్కకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఇరవై ఆరు నిమిషాలైంది. నడుము లాగుతోంది, గొంతులో ఇసుక పోసినట్టుంది. ఎక్కడ తప్పు జరిగింది? మళ్ళీ తడిమింది. రెండు, మూడు. సరిగ్గానే ఉంది.

"సార్, మీరు అసలు పెట్టెని ఎలా పట్టుకున్నారు?"

"ఎలా ఏముంది, దాని వీపు నా వైపుకి తిప్పుకుని ఒళ్ళో పెట్టుకున్నాను."

ఆవిడ నాలిక కరుచుకుంది. "నేను ముందు నుంచి చెయ్యి చాపాను సార్. నా కుడి మీకు ఎడమైంది. తప్పు నాదే."

"ఓస్, అదా!" పెద్దాయన గొంతులో ఒక్కసారి ఉత్సాహం వచ్చింది. "మా బోర్డు దగ్గర మొదటి రోజు నాకు నేర్పిన పాఠమే అది. కుడీ ఎడమా అనొద్దు. అవి మనిషిని బట్టి మారతాయి. వస్తువుకి మారని గుర్తొకటి పట్టుకో, అక్కణ్ణుంచి లెక్కపెట్టు అనేవాడు మా పెద్దాపరేటరు. దీనికేముంది మారనిది? కరెంటు వైరు. తోకలా బయటికొచ్చి ఉంది. తోక దగ్గర నుంచి చెప్పు."

ఆవిడ ఈసారి కళ్ళు మూసుకుంది. చూపు ఉంటే మళ్ళీ కుడీ ఎడమా అడ్డమొస్తాయని భయం. వేళ్ళతో కరెంటు వైరు మొదలు పట్టుకుని అక్కణ్ణుంచి పక్కకి జరిగింది. మొదటి కన్నం, రెండోది, మూడోది. ఒక్కో కన్నం పైన చిన్న గట్టు ఉందనీ, ప్లగ్గు నున్నటి పక్క ఆ గట్టు వైపుకే రావాలనీ ఆవిడకి అప్పుడే తెలిసింది. పదకొండేళ్ళుగా చూస్తున్న వస్తువు మీద ఆ గట్టున్న సంగతి ఎప్పుడూ గమనించలేదు.

"మీరు మార్చినవి తోక నుంచి నాలుగూ అయిదూ సార్. కరెంటు ప్లగ్గు మళ్ళీ పీకి, ముందు వాటిని యథాస్థానంలో పెట్టేయండి. పెట్టారా? ఇప్పుడు తోక నుంచి రెండూ మూడూ మార్చండి. పైన గట్టు వేలికి తగులుతోందా?"

"తగిలింది. ఎవడు చేశాడోగానీ బుద్ధిగా చేశాడు."

ఇద్దరూ నెమ్మదిగా చేశారు. ఒక ప్లగ్గు సగం పట్టి ఊడొచ్చింది. మళ్ళీ పెట్టాడు. మధ్యలో చెల్లెలు గదిలోకి వచ్చినట్టుంది, "అన్నయ్యా, షాకు కొడుతుందేమో చూసుకో" అంది. "కరెంటే లేదే, షాకెక్కడి నుంచొస్తుంది?" అన్నాడాయన. ఆ మాట మీద వాళ్ళిద్దరికీ ఓ నిమిషం వాదన నడిచింది. పోర్టక్క కళ్ళు మూసుకునే వింటూ నిలబడింది.

చివరికి ఆయన ప్లగ్గు పెట్టి, సినిమా నొక్కి, ఫోను అటు వైపు పట్టుకున్నాడు. ఫోనులోంచి ఆవిడకి కూడా వినిపించింది. ఎవరో ఒకామె, ఉత్తరం గురించి ఎవరినో నిలదీస్తోంది. ప్రతి మాటా తేటగా ఉంది.

"ఎదురుగా వచ్చింది" అన్నాడు పెద్దాయన మెల్లగా. "నా ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడుతోంది." తర్వాత ఆ సీనంతా విన్నాడు. ఆవిడా తొందరపెట్టలేదు. "బతుకు తల్లీ" అని, ఆయనే ఫోను పెట్టేశాడు.

పోర్టక్క కళ్ళు తెరిచేసరికి ఎదురుగా టీమ్ లీడరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని చూపు తన హెడ్‌సెట్టు మీద ఉంది.

లీడరు ఆవిడ కంటే పద్నాలుగేళ్ళు చిన్న. బయట అక్కా అనేవాడు, గాజు తలుపుల గదిలోకి వెళ్తే మేడం అనేవాడు. ఆ రోజు గదిలోకి పిలిచాడు.

"యాభై మూడు నిమిషాలు, మేడం."

"అవును."

"రికార్డింగు విన్నాను. మీరు చేసింది మంచి పనే. కానీ పైవాళ్ళకి కనిపించేది యాభై మూడు." అతని కళ్ళ కింద నల్లగా ఉంది. "పోనీ ఆయన మంచి రేటింగైనా ఇచ్చుంటే చూపించేవాణ్ణి. మెసేజీలో నక్షత్రాల బొమ్మలు పంపాం. ఆయనెలా నొక్కుతాడు?"

"నొక్కలేడు."

"రూల్సు నేను రాయలేదు మేడం."

"నువ్వు రాశావని నేనూ అనలేదు బాబూ."

ఎనభై ఒక్క రోజులు సున్నా అయ్యాయి. ఆవిడ సీటుకి వచ్చి కూర్చుని తర్వాతి కాలు అందుకుంది. ఎవరికో సౌండు రావడం లేదట. పెట్టె స్విచ్చి వేసుందా అని అడిగితే, లేదన్నారు.

సాయంత్రం బస్సులో ఆవిడకి గొప్పగా ఏమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఎందుకొచ్చిన గొడవ అనిపించింది. రెండు వారాల్లో మనిషి వెళ్ళేవాడు, ఆయన పని ఎలాగూ అయ్యేది, కొంప మునిగేది కాదు. మూడు నెలలంటే గొంతుకి ఎన్ని మాటలో లెక్కేయబోయి మానుకుంది. ఇంట్లో ఎవరితోనూ ఏమీ అనలేదు. పొద్దున్న భర్తకి కాఫీ ఇస్తూ మాత్రం చెప్పింది.

"మళ్ళీ మూడు నెలలు."

అతను సంగతంతా విన్నాడు. "ఇంతకీ ఆ పెద్దాయనకి మాటలు వినపడ్డాయా?"

"పడ్డాయి."

"అయితే సరే."

"నీకేం, సరే అంటావు. గొంతు నాది."

అతను కప్పు కడిగి బోర్లించి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారం ఒకావిడ ఫోను చేసింది. వాళ్ళ సెట్టుని గోడ అలమరలో బిగించేశారట, కదలదు. "చెయ్యి దూరుతోందండీ, తల దూరడం లేదు. రంగులెలా చూడను?" అని ఏడుపుగొంతుతో అడిగింది. పోర్టక్క నోటికి ఆలోచించకుండానే, "కరెంటు వైరు పట్టుకోండి, అక్కణ్ణుంచి లెక్కపెట్టండి" అని వచ్చేసింది. ఆరు నిమిషాల్లో పని పూర్తయింది. పెట్టేశాక ఆవిడ కాసేపు అలాగే కూర్చుంది. టీవీ వెనకాల ఎవరికి మాత్రం ఏం కనిపిస్తుంది? అక్కడ దుమ్మూ చీకటీ. ఫోను చేసే అందరూ ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో తడుముకుంటూనే ఉంటారు. మేం మాత్రం ఆకుపచ్చ, ఊదా అని పాఠం చదువుతున్నాం.

మర్నాటి నుంచి క్యారేజీ తినడం త్వరగా ముగించి అలమర దగ్గరికి వెళ్ళేది. కళ్ళు మూసుకుని ఒక్కో మోడలు వెనకా తడిమేది. ఏ కన్నం వెడల్పు, దేనికి బుల్లి తలుపుంటుంది, ఏది గుండ్రం, తోక నుంచి ఎన్నోది అని కాగితం మీద రాసుకునేది. "పోర్టక్క తపస్సులో ఉంది, కదిలిస్తే శాపం పెడుతుంది" అని వెనక నవ్వులు వినిపించేవి. ఉద్ధరిద్దామని రాయలేదు ఆవిడ. ఒక్కో కాలులో నాలుగు మాటలు తగ్గితే గొంతుకి నాలుగు మాటలు మిగులుతాయని రాసింది. నాలుగు మోడళ్ళకి రెండు పేజీలయింది.

మొదట పక్క సీటమ్మాయి దాన్ని ఫోటో తీసుకుంది. తర్వాత వరసంతా తీసుకుంది. నెల తిరిగేసరికి హాలు మొత్తానికి కాలు సగటు తొమ్మిది నుంచి ఏడున్నరకి దిగింది. పైవాళ్ళు ఏమిటి కథ అని అడిగారు. లీడరు ఆ రెండు పేజీలూ అందంగా టైపు చేయించి, కింద 'మా టీమ్' అని రాసి పంపాడు. తర్వాత ఆవిడ దగ్గరికొచ్చి, తల గోక్కుంటూ, "అక్కా, పేరు పెడదామనే అనుకున్నాను..." అన్నాడు.

"పోనీలే" అందావిడ. నిజంగానే పోనిచ్చింది. దాని కోసం మాట్లాడే ఓపిక లేదు. "అర్జీలో ఓ నెల తగ్గిస్తారేమో అడుగు, చాలు."

అడిగాడట. రూలు ఒప్పుకోలేదు. టీమ్ అందరికీ కలిపి ఒక కేకు మాత్రం పంపారు. ఆవిడ తన ముక్క కాగితంలో చుట్టుకుని కూతురికి తీసుకెళ్ళింది.

పెద్దాయన ఈలోగా నాలుగైదుసార్లు ఫోను చేశాడని తర్వాత తెలిసింది. సెట్టు బాగానే ఉంది. 'ఆ కాగితం చదవని అమ్మాయి' కావాలి. కానీ ఆ లైన్లలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకే పడుతుంది, మనిషిని ఎంచుకోవడానికి వీల్లేదు. ఒకసారి పక్క సీటమ్మాయికి పడింది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి హెడ్‌సెట్టు తీసి పోర్టక్క చేతికిచ్చేసింది.

"నమస్కారం బాబాయి గారూ" అంది పోర్టక్క. సార్ అనడం ఎందుకో మరిచిపోయింది.

"ఆ, దొరికావా! ఏం లేదు తల్లీ, థాంక్స్ చెబుదామని. మా చెల్లెలు కూడా ఇప్పుడు పక్కనే కూర్చుంటోంది. ఏడుపు సీన్లు వస్తే నాకంటే ముందే మొదలుపెడుతోంది, నాకు మాటలు వినపడనివ్వదు." ఆయన నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి, "నీ గొంతు అరిగిపోతోందే. ఆ రోజు కంటే పాడైంది. ఆసుపత్రి బోర్డులో ఇలాంటి గొంతులు చాలా విన్నాను. చూపించుకున్నావా?"

"చూపించుకున్నానండీ."

"ఏమన్నారు?"

"మాట్లాడొద్దన్నారు."

"అయితే పెట్టేస్తున్నాను" అని, చెప్పినట్టే పెట్టేశాడు.

పోర్టక్క హెడ్‌సెట్టు తిరిగిచ్చేసి తన బల్ల వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. దగ్గు వల్లనుకుంది పక్కమ్మాయి. మంచినీళ్ళ సీసా జరిపింది.

రెండోసారి మూడు నెలలు, మొదటిసారి కంటే నెమ్మదిగా గడిచాయి. చివరి పదిహేను రోజులూ మధ్యాహ్నం దాటితే ఆవిడ గొంతు గుసగుసలా ఉండేది. కస్టమర్లు "కాస్త గట్టిగా మాట్లాడండి" అనేవాళ్ళు. తొంభయ్యో రోజు కూడా మిగతా రోజుల్లాగే ముగిసింది. సోమవారం నుంచి కింది అంతస్తుకి వెళ్ళింది.

అక్కడ కిటికీ ఉంది. బయట పక్క భవనం గోడ, దాని మీద మూడు ఏసీ పెట్టెలు. ఎవరూ మాట్లాడరు, కీబోర్డుల చప్పుడొక్కటే. ఆవిడకి టైపింగు అంతగా రాదు, రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టేది. మొదటి రోజు ఇరవై రెండు ఉత్తరాలకే జవాబిచ్చింది. పక్కవాళ్ళు నలభై చేశారు. కుర్చీ ఎత్తు చాలక భుజాలు పట్టేశాయి. పైహాలు మీద బెంగపడతానేమో అనుకుంది గానీ, పడలేదు.

అయిదున్నరకి కిందకి దిగింది. స్టాపులో పైహాలు పక్క సీటమ్మాయి కలిసి, లీడరుతో వచ్చిన తగువంతా బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉంది. ఆవిడ వింటూ నిలబడింది. బస్సు కిక్కిరిసి వచ్చింది. ఇద్దరూ ముందు గుమ్మం దగ్గర ఎక్కారు, కడ్డీ పట్టుకోవడానికి చోటు మాత్రం దొరికింది. ఆ రోజు ఖర్చుకాని మాటలు గొంతులో ఇంకా మిగిలే ఉన్నాయి; "ఊఁ, తర్వాతేమైంది?" అని అడిగింది పోర్టక్క.